కాఫీపొడి పుట్టుపూర్వోత్తరాలు

నేరెళ్ళవలసలో అరవై రెండు ఇళ్ళు. అరవై రెండు ఇళ్ళలోనూ పొద్దున్నే కాఫీ కాస్తారు. కానీ ఏ ఇంట్లోనూ ఆ పూటకి కావలసినవన్నీ ఒక్కసారి ఉండవు. పొడి ఉన్న ఇంట్లో పాలుండవు. పాలున్న ఇంట్లో పంచదార నిండుకుని ఉంటుంది. మూడూ కుదిరిన ఇంట్లో వడకట్టే గుడ్డని ఎలక కొట్టేసి ఉంటుంది. అందుకని తెల్లవారేసరికి వీధిలో గ్లాసులు పట్టుకుని ఆడవాళ్ళు అటూ ఇటూ నడుస్తుంటారు. వెళ్ళిన పని నిమిషంలో అయిపోతుంది, తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరి ఆవు ఈనిందో ఆ అరగంటలోనే అందరికీ తెలుస్తుంది.

ఎర్నమ్మ గ్లాసు మాత్రం మాటా పలుకూ లేకుండా నడుస్తుంది.

ఎర్నమ్మకి గేదె ఉంది. ఎదురింటి సత్యవతికి గేదె లేదుగాని, ఎక్కడినుంచో ఒకచోటినుంచి పొడి తెచ్చి డబ్బాలో ఉంచనిదే ఆమెకి నిద్రపట్టదు. ఇద్దరూ తోటికోడళ్ళు. సత్యవతి పెద్దది, ఎర్నమ్మ చిన్నది. రోజూ పొద్దున్న ఎర్నమ్మ ఒక చేత్తో పాలచెంబు, ఇంకో చేత్తో ఖాళీ గ్లాసు పట్టుకుని వీధి దాటుతుంది. రెండూ సత్యవతి అరుగు మీద పెట్టి గొంతు సవరించుకుంటుంది. సత్యవతి బయటికొచ్చి, పాలు లోపల వంచుకుని, ఖాళీ చెంబుతోబాటు గ్లాసు నిండా గుట్టగా పొడి తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళిపోతుంది. ఆరేళ్ళుగా ఇద్దరికీ ఉన్న రాకపోకలు ఇంతే.

ఆరేళ్ళ కిందట ఆడపడుచు పెళ్ళిలో ఎర్నమ్మ నూరుమందికి కాఫీ కాచింది. అందరికంటే ముందు రుచి చూసిన సత్యవతి, "గేదెల కుడితే ఇంతకంటే సిక్కగా ఉంటాది" అంది. పందిట్లో వాళ్ళందరూ నవ్వారు. ఎర్నమ్మ చేతిలో గరిటె అక్కడే పెట్టేసి మాట మానేసింది. రెండ్రోజులు చూసి సత్యవతీ మానేసింది. అన్నదమ్ములిద్దరూ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకే బండి మీద పొలానికి వెళుతూనే ఉన్నారు.

ఎర్నమ్మకి కోపం మొదటి ఏడాదిలోనే పోయింది. పోయిన సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు. కొన్నాళ్ళు రేపు పలకరిద్దాం అనుకుంది, ఆ తర్వాత అనుకోవడం కూడా సిగ్గుగా అనిపించింది. అయినా పొద్దున్న గ్లాసు వీధి దాటుతున్నంతకాలం ఏదీ తెగిపోలేదని ఆమె లెక్క. లోపల్నుంచి వచ్చే అడుగుల చప్పుడుని బట్టి సత్యవతికి మోకాలు నొప్పి ఎక్కువైందో తగ్గిందో చెప్పగలదు. నొప్పి ఎక్కువైన రోజున గ్లాసుని అరుగు చివర కాకుండా గుమ్మం దగ్గరికి జరిపి పెడుతుంది.

ఇలా ఉండగా ఊళ్ళోకి ఒక జీపు వచ్చింది.

జీపు మీద 'నైతికాహార గ్రామ సముదాయ సంవర్ధక సంస్థ' అని ఉంది. అక్షరాలు ఎక్కువై చివరి రెండూ వెనక తలుపు మీదికి వెళ్ళాయి. అందులోంచి సమన్వయాధికారి చక్రపాణిగారు దిగారు. ఆయన కాఫీ తాగరు. చంకలో ఎప్పుడూ వేడినీళ్ళ ఫ్లాస్కు ఉంటుంది. బడి వరండాలో మీటింగు పెట్టారు.

"గ్రామ భాగస్వాములారా," అన్నారు చక్రపాణిగారు. "నేడు పట్టణంలో వివేకవంతుడైన వినియోగదారుడు కప్పు పెదవికి తాకించే ముందు ప్రశ్నిస్తున్నాడు. ఈ గింజ ఏ కొండది? ఏ చేయి కోసింది? ఆ చేతికి న్యాయం జరిగిందా? మరి ఆ కొండకి దిగువనే నివసిస్తున్న మీరు ఎన్నడైనా ప్రశ్నించారా?"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న గవరయ్య తాత, "లేదు బాబూ. ఇచ్చినారు, తాగీసినాం" అన్నాడు.

"అక్కడే అనైతికత ప్రారంభమవుతోంది," అన్నారు చక్రపాణిగారు బాధగా. గవరయ్య తాత తనవల్ల ఏం తప్పు జరిగిందో తెలియక తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

సంస్థ తొలి విడతలో నేరెళ్ళవలసని 'నైతిక కాఫీ గ్రామం'గా ఎంపిక చేసిందట. ప్రతి ఇంట్లో ప్రతి గుక్కకీ మూలం తెలియాలట. నూటికి నూరుపాళ్ళు తెలిస్తే సర్టిఫికెట్ ఇస్తారట. సర్టిఫికెట్ వస్తే ఏమొస్తుందని సర్పంచి బంగారునాయుడు అడిగాడు.

"గ్రామ ముఖద్వారంలో కాఫీ కప్పు ఆకృతిలో ఒక స్వాగత తోరణం."

"ఆర్చియా?"

"వ్యవహారంలో అలాగే అంటారు."

పక్క ఊరికి ఆర్చి ఉంది. అది చూసినప్పుడల్లా బంగారునాయుడికి అన్నం సహించదు. "ఊరంతా మీ వెనకాలే ఉంటాదండి," అని అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు.

విచారణ వీధిలో మొదటి ఇల్లైన ఎర్నమ్మ ఇంటినుంచి మొదలైంది. చక్రపాణిగారు ఒక పెద్ద ఫారం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఈ పొడి మూలం?"

ఎర్నమ్మ గడ్డంతో ఎదురిల్లు చూపించింది.

"కొనుగోలా?"

"కొనడమేటి బాబూ, ఎదురింట్లో."

"అయితే దానమా?"

"దానం పట్టడానికి నాకు గతిలేదేటి?"

"పోనీ, బదులా?"

"బదులైతే ఎంత తెచ్చినామో గుర్తుండాల గదా. అలగ్గాదు."

"మరి దీన్ని ఏమనాలమ్మా?"

ఎర్నమ్మ డబ్బాలోకి తొంగిచూసింది. "కాఫీపొడి అంటాం," అంది.

చక్రపాణిగారు 'స్వభావం: అనిర్ణీతం' అని రాసుకుని వీధి దాటారు. సత్యవతి తన పొడి పక్కింటి సన్యాసమ్మదని చెప్పింది. సన్యాసమ్మ తనది చాకిరేవు పక్క ఇంటిదంది. వాళ్ళు వడ్రంగి ఇంటిదన్నారు. వడ్రంగి భార్య, "మాదేటండి, మొన్న వానకి మాది తడిసిపోతే నాయుడుగారింట్లో ఇచ్చినారు," అంది. నాయుడుగారి ఇల్లంటే సర్పంచి ఇల్లే. సర్పంచి భార్య ఆ పొడి ఎక్కడిదో చెప్పేలోగా బంగారునాయుడు ఆమెకి కళ్ళతో సైగ చేశాడు. ఆ సైగకి అర్థమేమిటో తెలియక ఆమె నిజం చెప్పేసింది. అదీ పక్కింటిదే.

రెండో రోజు సాయంత్రానికి చక్రపాణిగారు అరవై రెండో ఇంటికి చేరుకున్నారు. అది గవరయ్య తాతది. తాత కోడలు డబ్బా మూత తీసి చూపించి, "సుట్టాలొచ్చినారని ఎర్నమ్మత్త కాడ రెండు సెంచాలు తెచ్చినానండి," అంది.

చక్రపాణిగారు ఫారం మీద పెన్సిలుతో ఒక గీత గీశారు. అది ఊరంతా తిరిగి బయల్దేరినచోటికే వచ్చింది. ఆయన ఆ సున్నాకేసి చాలాసేపు చూశారు.

"సంతలో ఎవరో ఒకరు కొంటారండి," అని బంగారునాయుడు ధైర్యం చెప్పాడు.

"ఎవరు?"

"ఎవరెల్తే వారు."

"గత సంతలో ఎవరు కొన్నారు?"

విచారిస్తే నలుగురు కొన్నట్టు తేలింది. కానీ ఆ నలుగురూ ఇంటికి చేరేలోగా దారిలో కనిపించినవాళ్ళకల్లా పంచేశారు. తమ కోసం మళ్ళీ పక్కింట్లో తెచ్చుకున్నారు.

సిగ్నలు అందేది నీళ్ళ ట్యాంకు మీదే. చక్రపాణిగారు మెట్లెక్కి పై ఆఫీసుకి ఫోన్ చేశారు. కిందున్నవాళ్ళకి ఆయన మాటలు మాత్రమే వినిపించాయి. "మొదలు లేదు సార్... చివరా? చివర తాగేస్తున్నారండి... చిత్తం... చిత్తం."

మూడో నాడు ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో ఉన్నది 'మూలరహిత పొడి' కాబట్టి మొత్తం స్వాధీనం చేసుకోవాలి. అరవై రెండు ఇళ్ళకీ అరవై రెండు నంబర్లేసిన డబ్బాల్లో మూలం తెలిసిన పొడి ఉచితంగా ఇవ్వాలి. డబ్బా మీద కొండ పేరు, చెట్టు నంబరు, గింజ కోసిన ఆమె ఫోటో ఉంటాయి. ఇకమీదట 'గృహాంతర పొడి సంచారం' నిషిద్ధం. పాలకీ ఇదే వర్తిస్తుంది. ఎవరి గేదె పాలు వారి గుమ్మం లోపలివరకే నైతికం. గుమ్మాలు ఎక్కడ మొదలవుతాయో సందేహం రాకుండా ప్రతి ఇంటి ముందూ సున్నంతో గీత గీశారు.

పాత పొడినంతా ఒక డ్రమ్ములో పోసి సీలేశారు. అరవై రెండు ఇళ్ళదీ కలిపితే డ్రమ్ము అడుగు కూడా నిండలేదు. ఇంత కొంచెంతో ఊరంతా రోజూ ఎలా తాగుతోందో చక్రపాణిగారి నివేదికలో ప్రత్యేకంగా ఒక పేజీ పట్టింది.

మర్నాడు పొద్దున్న ఎర్నమ్మ అలవాటుకొద్దీ చెంబూ గ్లాసూ పట్టుకుని గుమ్మం దిగింది. గీత దగ్గర ఆగింది. ఎదురుగా సత్యవతి అప్పటికే వాకిట్లోకి వచ్చి నిలబడి ఉంది. ఇద్దరూ గీతలకేసి చూసుకున్నారు. ఒకరి వైపు ఒకరు చూసుకోవడం అలవాటు తప్పిపోయింది. కాసేపటికి సత్యవతి గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. మోకాలు బాగా నొప్పిగా ఉన్నట్టుందని ఎర్నమ్మ అనుకుంది.

ఇంట్లోకొచ్చి డబ్బా పొడితో కాఫీ కాచుకుంది. బాగానే ఉంది. డబ్బా మీద ఫోటోలో అమ్మాయి చక్కగా నవ్వుతోంది. ఎర్నమ్మ ఆ అమ్మాయిని చూస్తూ కూర్చుంటే కాఫీ చల్లారిపోయింది.

"ఏటలా కూకున్నావు?" అన్నాడు మొగుడు సింహాద్రి.

"మీ వదినకి పాలెల్లలేదు."

"నానట్టుకెల్లనా? పొలం కాడ అన్నకిచ్చీసినా సరే. అక్కడ గీతల్లేవు."

"నువ్వట్టుకెల్తే అవి ఒట్టి పాలే," అంది ఎర్నమ్మ. ఆ మాటకి అర్థమేమిటో సింహాద్రికి తెలియలేదు. ఎడ్లు కట్టుకుని వెళ్ళిపోయాడు.

వారం గడిచింది. ఊళ్ళో అందరూ ఎవరింట్లో వాళ్ళు మూలం తెలిసిన కాఫీ తాగుతున్నారు. వీధిలో మనిషి చప్పుడు లేదు. సన్యాసమ్మ రెండ్రోజులు జ్వరంతో పడుకుని లేచిన సంగతి, లేచాక ఆమే చెబితే గాని పక్కింటివాళ్ళకి తెలియలేదు.

అప్పుడు సంస్థ రెండో శాఖవారు ఊరి 'సముదాయ సాంద్రత' కొలవడానికి వచ్చారు. ఒక మనిషి రోజుకి ఎన్నిసార్లు ఇంకొకరి గుమ్మం తొక్కుతాడో దాన్నిబట్టి సాంద్రత తేలుతుంది. మూడు రోజులు వీధి చివర కుర్చీలేసుకుని కూర్చుని లెక్కపెట్టారు. సున్నా వచ్చింది. మధ్యలో ఒక కోడి మాత్రం నాలుగిళ్ళు తిరిగిందిగాని, దాన్ని లెక్కలో చేర్చడానికి నిబంధనలు ఒప్పుకోలేదు.

చక్రపాణిగారు కలతపడ్డారు. "గ్రామీణులు పరస్పరం ఇంత అపరిచితులుగా జీవిస్తున్నారని నేను ఊహించలేదు," అని బడి వరండాలో కంటతడి పెట్టినంత పనిచేశారు. వెంటనే 'పరస్పర పరిచయ కార్యక్రమం' ప్రకటించారు. ఎదురెదురు ఇళ్ళవాళ్ళు ముప్ఫై ఒక్క జంటలుగా కూర్చోవాలి. అందరూ మెడలో పేరు రాసిన అట్ట వేసుకోవాలి. అరగంట మాట్లాడుకున్నాక ఎదుటివారిలో తమకి నచ్చిన మూడు గుణాలు చెప్పాలి.

గవరయ్య తాత డెబ్భై ఏళ్ళుగా ఎరిగిన రామినాయుడి మెడలో అట్టని పట్టుకుని, తనకి చదువు రాకపోయినా మర్యాదకోసం కాసేపు చూశాడు. "రామినాయుడు మంచోడే," అన్నాడు.

"రెండో గుణం?"

"కల్లు దొరికితే నన్ను పిలుస్తాడు."

"మూడోది?"

"మూడోది తట్టలేదు బాబూ. మరీ అంత మంచోడు గాదు."

అయినా ఆ జంట పాసైంది. ముప్ఫై జంటలు పాసయ్యాయి. ఎర్నమ్మ, సత్యవతి మాత్రం అరగంటసేపు చెరో బల్ల మీద కూర్చుని తమ మెడలోని అట్టల అంచులు సరిచేసుకున్నారు. ఒకసారి ఎర్నమ్మ నోటి దాకా ఒక మాట వచ్చింది. ఎదురుగా చక్రపాణిగారు కలం పట్టుకుని ముందుకి వంగారు. అది మళ్ళీ లోపలికి పోయింది. ఫారం ఖాళీగా మిగిలింది.

సర్టిఫికెట్‌కి నూరుపాళ్ళూ కావాలి. ఆ సాయంత్రమే బంగారునాయుడు ఎర్నమ్మ ఇంటికొచ్చి గీత అవతల నిలబడ్డాడు.

"ఒక్క ముక్క చాలు పిన్నీ. 'అక్కా బాగున్నావా' అనీ. ఆర్చికి సిమెంటు కూడా సెప్పీసినాను."

"ఆర్చి కోసం పలకరిస్తే అది పలకరింపు ఎలగవుతాది బాబూ?" అంది ఎర్నమ్మ.

"మరి దేనికోసం పలకరిస్తావు?"

ఎర్నమ్మ చెంబు తీసుకుని గేదె దగ్గరికి వెళ్ళిపోయింది. ఆరేళ్ళు దాచుకున్న మాట సర్పంచి సిమెంటు బస్తాల మీద పారబోయడం ఆమెకి ఇష్టం లేదు. ఎదురింట్లోకీ అతను వెళ్ళినట్టు, అక్కడ గట్టిగా తిట్లు తిన్నట్టు వీధంతా వినబడింది.

ఇంక పై ఆఫీసులో ముగ్గురు నిపుణులు కూర్చుని నెల్లాళ్ళు పరిశోధన చేశారు. వాళ్ళకి ఒక గొప్ప విషయం తట్టింది. చక్రపాణిగారు దాన్ని వరండాలో చదివి వినిపించారు. "సముదాయ బంధాలు బలపడుటకు ఇరుగుపొరుగు గృహాల నడుమ స్వల్ప పరిమాణంలో ఆహారద్రవ్యాల బదలాయింపు మిక్కిలి దోహదకారి అని కనుగొనడమైనది. ప్రపంచంలో ఎక్కడా ప్రయత్నించని ఈ విధానాన్ని ప్రయోగాత్మకంగా మీ గ్రామంలోనే ప్రవేశపెట్టబోతున్నాము."



"అంటే," అన్నాడు గవరయ్య తాత నెమ్మదిగా, "పక్కింటికెల్లి పొడి తెచ్చుకోమంటన్నారేటి?"

"నియంత్రిత పద్ధతిలో," అన్నారు చక్రపాణిగారు.

పద్ధతి ఏమిటంటే, తీసుకునేవారు నోటితో స్పష్టంగా అడగాలి. ఇచ్చేవారు నోటితో అంగీకరించాలి. ఇద్దరు సాక్షులుండాలి. సంభాషణ మొదలైన సమయం, ముగిసిన సమయం ఫారంలో రాయాలి. ప్రయోగం వెనకబడిన జంటతోనే జరగాలి. అది నడుస్తున్నంతకాలం ఊళ్ళో పొడి, పాల సంచారం మీద నిషేధం ఉండదు. సాక్షులుగా ఇద్దరు చాలన్నా ఊరంతా వచ్చింది.

పొద్దున్న ఏడు గంటలకి ఎర్నమ్మ చెంబూ గ్లాసూ పట్టుకుని గీత దాటింది. నెలన్నర తర్వాత ఆ నాలుగడుగులూ లెక్కపెట్టుకుంటూ వేసింది. సత్యవతి గుమ్మంలోనే స్టూలు మీద కూర్చుని ఉంది. మోకాలికి గుడ్డ కట్టుంది. ఎర్నమ్మ రెండూ అరుగు మీద పెట్టి గొంతు సవరించుకుంది. సత్యవతి లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, పొడి డబ్బా తెచ్చింది.

"ఆగండి," అన్నారు చక్రపాణిగారు. "అభ్యర్థన మౌఖికంగా జరగలేదు. మళ్ళీ."

ఎర్నమ్మ మళ్ళీ గొంతు సవరించుకుంది.

"అమ్మా, అది దగ్గు. 'సత్యవతి గారూ, నాకు కాఫీపొడి ఇవ్వవలసిందిగా కోరుచున్నాను' అనాలి. మళ్ళీ."

ఊరంతా చూస్తోంది. బంగారునాయుడు గాల్లోనే పెదవులు ఆడిస్తూ అందిస్తున్నాడు. ఎర్నమ్మ మొహం ఎర్రబడింది. ఆరేళ్ళ కిందట పందిట్లో అందరూ నవ్వినప్పుడు ఎలా తల దించుకుందో అలాగే దించుకుంది. 

"మళ్ళీ," అన్నారు చక్రపాణిగారు.

"ఎన్నిమాట్లడుగుతాది?" అంది సత్యవతి.

ఆమె చక్రపాణిగారికేసి తిరిగింది. "ఆవిడ అడిగింది. నాకినబడింది. ఆరేళ్ళనుంచి రోజూ అడగతానే ఉంది, నాకు రోజూ ఇనబడతానే ఉంది."

"నాకు వినబడలేదమ్మా."

"నీకెందుకినబడాల? నిన్నడిగిందేటి?"

చక్రపాణిగారు ఫారంలో ఆ ప్రశ్నకి తగిన గడి కోసం వెతుకుతుండగా, సత్యవతి గ్లాసులో పొడి పోయసాగింది. గ్లాసు నిండింది. అయినా ఆపలేదు. పొడి గుట్టగా లేచి అరుగు మీదికి జారింది.

"సాల్లే అక్కా," అంది ఎర్నమ్మ. "ఒలికిపోతంది."

బంగారునాయుడు పెదవులు ఆడించడం మానేశాడు. సత్యవతి డబ్బా దించింది.

"ఒలికిపోనీ," అంది. "నాటి మాటకి ఇంతకన్నా ఏటి సేయగలను? నోరు జారిన కాడినుంచి ఒక్క పూటైనా నీకు తక్కువ పొయ్యలేదు."

"నాను సూడ్నేదనుకున్నావేటి?" అంది ఎర్నమ్మ. "ఆ గుట్ట దెబ్బకి మా ఇంట్లో అందరికీ గుండెదడ."

సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో పక్కనున్నవాళ్ళకి తెలియలేదు. ఎర్నమ్మ అరుగెక్కి, స్టూలు పక్కన కింద కూర్చుని, "ముందా మోకాలు ఇలగియ్యి. ఇదేటి కట్టు, ఇలగేనా కట్టడం," అంది.

చక్రపాణిగారు గడియారం చూసి, 'ప్రారంభం: ఏడు గంటల పదకొండు నిమిషాలు' అని రాసుకున్నారు. ముగిసిన సమయం రాయడానికి అరుగు చివర కూర్చున్నారు. ఎనిమిదైంది. తొమ్మిదైంది. సాక్షులు ఎవరి పనులకి వాళ్ళు వెళ్ళిపోయారు. సన్యాసమ్మ గ్లాసు పట్టుకుని వచ్చి, పొడి తీసుకుని, తనూ కాసేపు కూర్చుని వెళ్ళింది. మధ్యాహ్నానికి ఫ్లాస్కులో వేడినీళ్ళు అయిపోయాయి. ఎర్నమ్మ ఒక గ్లాసు కాఫీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాని మూలం అడగబోయి, ఆకలి వేస్తుండడంతో తాగేశారు.

మర్నాడొచ్చారు. తోటికోడళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ పై వారం ఒకసారి వచ్చి వీధి చివరినుంచే చూసి వెళ్ళిపోయారు.

ఇది జరిగి చాలా నెలలైంది. ముగిసిన సమయం లేని ఫారం చెల్లదు కాబట్టి సర్టిఫికెట్ రాలేదు. ప్రయోగం ముగియలేదు కాబట్టి నిషేధమూ మళ్ళీ అమల్లోకి రాలేదు. పై ఆఫీసునుంచి నెలకో ఉత్తరం వస్తుంది, సంభాషణ ముగిసినదా లేదా తెలియజేయవలసిందని. ఉత్తరం వచ్చినప్పుడల్లా బంగారునాయుడు సత్యవతి అరుగు దగ్గరికి వెళతాడు.

"పిన్నీ, ఇంకెన్నాళ్ళు పడతాది?"

ఎర్నమ్మ చేటలో చింతపండు పిక్కలు తీస్తూ తలెత్తుతుంది. "తొందరపెట్టకు బాబూ," అంటుంది. "ఆరేళ్ళవి సెప్పుకోవాల. ఇంకా రెండో ఏడులోనే ఉన్నాం."